ఆటలు రావనే పిల్లలను మైదానానికి రప్పించడం ఎలా?

గట్టుమీద_చెట్టు
మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా పేటలో పురపాలక పాఠశాల మైదానం ఉంది. బడి వదిలాక పేటవాళ్లు వాడుకోవడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. పెద్దవాళ్లం కొందరం చందాలు వేసుకుని బ్యాట్లు, వాలీబాల్, వల కొన్నాం. ముళ్లకంప కొట్టించాం, రెండు లైట్లు పెట్టించాం. ఇంత చేశాక ఆడుతున్నది ఎవరంటే, ముందు నుంచీ ఆడే ఆ పదిహేను మందే. పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలు పేటలో ఇంకో యాభై మందికి తక్కువ ఉండరు. వాళ్లలో కొందరు వచ్చి గోడ మీద కూర్చుని ఫోను చూసుకుంటారు. ఎక్కువ మంది ఇంటి గుమ్మమే దాటరు. పిలిస్తే "నాకు ఆటలు రావు అంకుల్" అంటారు. ఆడపిల్లలు ఒక్కరు కూడా రారు.

సంక్రాంతికి పోటీలు పెట్టి బహుమతులు ప్రకటించాం. అదే పదిహేను మంది రెండు జట్లుగా విడిపోయి ఆడి షీల్డు పట్టుకెళ్లారు. ఛాంపియన్లను తయారు చేద్దామని ఈ పని మొదలుపెట్టలేదు మేము. రోజంతా కూర్చునే పిల్లలు ఒక గంట కదలాలని, పక్క వీధి వాళ్ల పేర్లయినా వాళ్లకు తెలియాలని మా ఆశ. మీ ఊళ్లలో ఏదైనా పద్ధతి పనిచేసి ఉంటే చెప్పండి. ఫోన్లు లాక్కోమని మాత్రం చెప్పకండి, ఆ పని తల్లిదండ్రులు చేసి చేసి విసిగిపోయారు.

తర్కం_తాతయ్య
ఆసక్తి లేనివాళ్లను వదిలేయడమే మేలు. పాట రాని పిల్లను బలవంతంగా కచేరీలో కూర్చోబెడతామా? పదిహేను మంది చక్కగా ఆడుతున్నారు కదా, వాళ్లకు అండగా ఉండండి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి సిడ్నీ దాకా వెళ్లి 2000లో ఒలింపిక్ పతకం తెచ్చిందంటే ఆ పట్టుదల ఆమెలోనే ఉంది. అందరినీ లాక్కొస్తే ఆడేవాళ్ల ఆట కూడా చెడిపోతుంది.

నెమ్మది_నడక
తాతయ్య గారూ, కచేరీ సంగతి ఎవరూ అడగలేదు. రాములవారి గుడిలో భజన జరిగితే గొంతు బాగాలేని వాళ్లూ పాడతారు, లేచి వెళ్లమని ఎవరూ అనరు. పేట మైదానం అలా ఉండాలని చెట్టు గారు అడుగుతున్నారు. ఒలింపిక్స్ దారి వేరు, దానికి అకాడమీలు ఉన్నాయి.

గోదారి_గట్టు
గోడ ఎవరు ముందు దిగుతారో పోటీ పెట్టండి, గోడ మీద పిల్లలంతా పాల్గొంటారు :)

డ్రిల్లు_మాస్టారు
ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. చెట్టు గారూ, మీ మైదానంలో క్రికెట్ ఎలా నడుస్తుందో ఒక సాయంత్రం ఓపికగా గమనించండి. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ కోరుకుంటారు. ఆఖరున మిగిలేది ఎవరో అందరికీ ముందే తెలుసు, ఆ పిల్లవాడికి ఇంకా బాగా తెలుసు. వాడిని తీసుకెళ్లి బౌండరీ దగ్గర నిలబెడతారు. బంతి అటు ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు చేజారితే తిట్లు. బ్యాటింగ్ పదకొండో స్థానంలో, అది కూడా ఓవర్లు మిగిలితే. బౌలింగ్ మాట ఎవరూ ఎత్తరు. ఆటలో అరటిపండుగా గంటన్నర ఎండలో నిలబడటం కంటే గోడ మీద కూర్చోవడమే నయమని వాడు అనుకుంటే అందులో తప్పేముంది? దయచేసి దాన్ని బద్ధకం అనకండి.

కెప్టెన్లు మనుషులను కోరుకునే పద్ధతి రేపే ఆపేయండి. చీట్లు వేయండి, లేకపోతే మన చిన్నప్పటిలా అరచేతులు తిప్పి పంటలు వేయించండి. క్రికెట్ ఆడాలంటే జంటల పద్ధతి పెట్టండి. ఇద్దరు కలిసి దిగి రెండు ఓవర్లు పూర్తిగా ఆడతారు. అవుటైనా బయటికి వెళ్లరు, జట్టు స్కోరులోంచి ఐదు పరుగులు కోస్తారు, అంతే. బౌలింగ్ జట్టులో ప్రతి ఒక్కరూ ఒక ఓవరు వేయాలి. ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల క్రికెట్‌లో ఈ జంటల పద్ధతి బాగా వాడుకలో ఉంది. మొదటి బంతికే అవుటై సాయంత్రమంతా కూర్చునే గతి ఇందులో ఎవరికీ పట్టదు.

వాలీబాల్ సంగతి కూడా చెబుతాను. మగవాళ్ల పోటీల్లో వల ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్ల పోటీల్లో 2.24. పేటలో కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఆ కొలతలతో పనేమిటి? రెండు మీటర్లకు దించండి. సర్వీసు వలకు దగ్గరగా నిలబడి వేయనివ్వండి. బంతి ఒకసారి నేలను తాకినా ఆట ఆపకండి. నేను చూసినంతలో, కొత్త పిల్లలు వాలీబాల్ మానేయడానికి పెద్ద కారణం సర్వీసు వల దాటకపోవడమే. ఆరుగురూ చేతులు కట్టుకుని బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడితే దాన్ని ఆట అని ఎవరంటారు?

మైదానం_బయట
ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. చెట్టు గారు చెప్పిన ఆ గోడ బాపతు పిల్లల్లో నేనూ ఒకడిని. మాస్టారు చెప్పింది నిజం, ఒక్క మాట కలుపుతాను. ఆట రాకపోవడం కన్నా రాని ఆటను పదిమంది ముందు నేర్చుకోవడం చాలా కష్టం. ఆరో తరగతిలో బంతి పట్టడం రాకపోతే ఎవరూ పట్టించుకోరు. పంతొమ్మిదేళ్ల వాడికి రాకపోతే అందరూ చూస్తారు.

మేము నేర్చుకునేది ఎప్పుడు? పదో తరగతిలో ఆటల పిరియడును లెక్కలకు, సైన్సుకు ఇచ్చేశారు. ఇంటర్ చదివిన కళాశాల ఒక వాణిజ్య భవనంలో మూడు అంతస్తులు, కిందకు దిగితే రోడ్డే. ఆ రెండేళ్లూ ఒంట్లో కదిలింది కుడి చెయ్యి మాత్రమే. ఇప్పుడు మైదానానికి రమ్మంటే కాళ్లు ముందుకు పడవు.

ప్రస్తుతం నేను వారానికి రెండు రోజులు షటిల్ ఆడుతున్నాను. మా హాస్టల్‌లో ఒక స్నేహితుడు "నాకూ రాదు, రాత్రి భోజనాలయ్యాక కోర్టు ఖాళీగా ఉంటుంది, ఇద్దరం వెళ్దాం" అన్నాడు. అలా మొదలైంది. చూసేవాళ్లు లేని సమయం ఇవ్వండి మాకు. ఇంకొకటి, అందరి ముందు "రా, సిగ్గుపడకు" అని గట్టిగా పిలవకండి. ముందు రోజు విడిగా చెప్పండి. ఎంతసేపు ఉంటుంది, ఏ బట్టలు వేసుకోవాలి, ఇంకెవరు వస్తున్నారు, మధ్యలో వెళ్లిపోవచ్చా. ఇవి తెలిస్తే సగం భయం పోతుంది.

నెమ్మది_నడక
"మధ్యలో వెళ్లిపోవచ్చా" అన్నది చాలా మంచి ప్రశ్న. వెళ్లిపోవచ్చని ముందే చెబితే ఉండిపోయేవాళ్లే ఎక్కువ.

వేగం_వెంకన్న
నేను చెట్టు గారి పేట వాడిని కాదు గానీ, మా ఊళ్లో ఆ "పదిహేను మంది" బాపతు. మా వైపు కూడా వినండి. రోజంతా దుకాణంలో నిలబడి వస్తాను. నాకు దొరికేది ఒకటిన్నర గంట. ఆ కాస్త సమయంలో వల దించి, నేల తాకిన బంతి ఆడమంటే నాకు ఆట దక్కదు. మేమేమీ ఎవరినీ తరమలేదు. చాలా చోట్ల పిచ్ చదును చేసేది, నీళ్లు చల్లేది మాలాంటి వాళ్లే.

డ్రిల్లు_మాస్టారు
వెంకన్న గారి మాట న్యాయమైనది. ఇద్దరినీ ఒకే గంటలో కలిపితే ఇద్దరికీ అసంతృప్తే. వారంలో రెండు రోజులు, రోజుకు ఒక గంట కొత్తవాళ్లకు కేటాయించండి. ఆ గంట వాళ్లదే. మిగిలిన సమయం ఎప్పటిలాగే ఆడేవాళ్లది. బాగా ఆడేవాళ్లలో నిదానం ఉన్న ఒకరిద్దరు కొత్తవాళ్ల గంటకు సాయం రావచ్చు. ఎవరిని పిలుస్తారన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బాగా ఆడేవాడికి తనకు ఆట ఎలా వచ్చిందో చాలాసార్లు గుర్తుండదు. "ఇంత తేలిక బంతి వదిలేశావేమిటి" అని ఒక్క మాట అన్నాడంటే ఆ పిల్ల మళ్లీ రాదు.

వేగం_వెంకన్న
రోజులు విడిగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. మా ఊళ్లో పెడితే మంగళవారం నేనే వస్తాను, ఆ రోజు దుకాణం సెలవు.

ఇద్దరమ్మాయిల_అమ్మ
ఇంతసేపూ ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. చెట్టు గారు ఒక్క వాక్యంలో రాశారు, ఆ వాక్యం మీద ఎవరూ ఆగలేదు. ఒక్కరూ ఎందుకు రారో నేను చెబుతాను.

మా పెద్దమ్మాయికి పదహారేళ్లు. బడిలో త్రోబాల్ బాగా ఆడేది. పెద్దమనిషి అయ్యాక తగ్గించింది, తొమ్మిదో తరగతిలో మానేసింది. మేము మానమనలేదు. మైదానం గోడ మీద కూర్చునే కుర్రాళ్లు ఏమీ అనరు, ఊరికే చూస్తారు. ఆ చూపులు చాలు. మైదానంలో మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మగపిల్లలను అడగాలి. నెలసరి రోజుల్లో ఆ తాళం ఎంత పెద్ద అడ్డంకో మగవాళ్లకు తెలియదు. చలికాలంలో ఆరింటికే చీకటి, ఇంటికి వచ్చే సందులో లైటు లేదు. చున్నీ వేసుకుని పరుగెత్తలేదు, టీషర్టు వేసుకుంటే వీధిలో మాటలు. వీటిలో ఒక్కదానికీ ఆటలంటే ఆసక్తి ఉండటంతో, లేకపోవడంతో సంబంధం లేదు.

ఆడపిల్లలు రావాలంటే వాళ్లకు విడిగా సమయం ఇవ్వండి. ఆ సమయంలో గోడ ఖాళీగా ఉండాలి. ఎవరో ఒక ఆడ మనిషి, తల్లి అయినా టీచరైనా అక్కడే ఉండాలి. ఉండి ఊరికే కూర్చోకుండా ఆమె కూడా ఆడితే ఇంకా మంచిది. ఆటలు చీకటి పడకముందే అయిపోవాలి. దుస్తుల గురించి ఏ నియమమూ పెట్టకండి, చుడీదార్‌తో ఆడతానంటే ఆడనివ్వండి.

సుజలధార
నూటికి నూరు పాళ్లు. తాళంచెవి మాట చదివి ఆగిపోయాను. మా కాలేజీ మైదానం గురించి రాసినట్టే ఉంది.

లెక్కల_పుస్తకం
ఇద్దరమ్మాయిల అమ్మ గారు రాసింది ఒక్క ఊరి సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల లెక్కలు తీసి 2019లో ప్రచురించారు. చాలినంత శారీరక శ్రమ లేనివాళ్లు 81 శాతం. అమ్మాయిల్లో అది 85 శాతం, అబ్బాయిల్లో 78. ఆ వయసు వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదలాలన్నది ఆ సంస్థ సూచన. అబ్బాయిల పరిస్థితి కూడా బాగా లేదని గమనించండి. ఆ పదిహేను మందిని చూసి మగపిల్లలంతా ఆడుతున్నారని అనుకోవడం పొరపాటు.

తర్కం_తాతయ్య
60 నిమిషాలు కదలడానికి ఆటే ఎందుకు? నడవమనండి, ఇంటి పని చేయమనండి, పొలానికి తీసుకెళ్లండి. మా రోజుల్లో అదే వ్యాయామం.

లెక్కల_పుస్తకం
నడక కూడా లెక్కలోకి వస్తుంది, ఇంటి పని కూడా వస్తుంది. పదిహేడేళ్ల పిల్లవాడు ఒంటరిగా ఎన్నాళ్లు నడుస్తాడు, అదే ప్రశ్న. తోడు ఉంటేనే అలవాటు నిలుస్తుంది. చెట్టు గారు రెండో ఆశ కూడా చెప్పారు, ఒకరి పేరు ఒకరికి తెలియాలని. దానికి ఆటే కావాలి.

థేమ్స్_తెలుగు
లండన్‌లో ఉంటాను. తాతయ్య గారు నడక అన్నారు కాబట్టి ఇక్కడి పార్క్‌రన్ గురించి చెబుతాను. 2004 అక్టోబరు 2న బుషీ పార్కులో 13 మంది పరుగుతో మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. ప్రతి శనివారం ఉదయం, 5 కిలోమీటర్లు, డబ్బు కట్టక్కరలేదు. పరుగెత్తవచ్చు, నడవవచ్చు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది. అందరికంటే వెనుక ఒక వాలంటీరు నడుస్తారు, ఆయన ఎప్పుడూ చివరే వస్తారు. అందువల్ల వచ్చినవాళ్లలో "చివరి మనిషి" అనిపించుకునేవారు ఉండరు. 2022లో నడిచేవాళ్లకు తోడుగా ఇంకో వాలంటీరును కూడా చేర్చారు.

2024 ఫిబ్రవరిలో అత్యంత వేగం లాంటి రికార్డుల పట్టికలను తమ వెబ్‌సైటు నుంచి తీసేశారు. కొత్తవాళ్లు బెదిరిపోతున్నారన్నది కారణం. వేగంగా పరుగెత్తేవాళ్లకు కోపం వచ్చింది, పెద్ద గొడవ అయింది. వెంకన్న గారి బాధే అక్కడా. నా మటుకు నాకు ఆ నిర్ణయం నచ్చింది. మా పక్క ఫ్లాట్ తెలుగు కుర్రాడు చదువుకోవడానికి వచ్చాడు, జీవితంలో పరుగెత్తనివాడు. మొదట వాలంటీరుగా వచ్చి గేటు దగ్గర దారి చూపించేవాడు. కొన్నాళ్లకు నడక మొదలుపెట్టాడు. ఇప్పుడు పరుగెత్తుతున్నాడు.

మైదానం_బయట
వాలంటీరుగా మొదలుపెట్టడం బాగుంది. చేతిలో ఒక పని ఉంటే అక్కడ నిలబడటానికి ఇబ్బంది ఉండదు.

డ్రిల్లు_మాస్టారు
అక్కడ ఒక ప్రమాదం ఉంది. స్కోరు రాసే పిల్లవాడిని ఏడాదంతా స్కోరు రాయడానికే ఉంచేస్తారు. నీళ్ల సీసాలు మోసే పిల్ల నీళ్ల సీసాల దగ్గరే ఉండిపోతుంది. పని ఇవ్వండి, కానీ వంతులు పెట్టండి. ఈ రోజు స్కోరు రాసిన పిల్ల మర్నాడు తప్పకుండా కోర్టులో ఉండాలి.

విశాఖ_అల
మా వైపు ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. ఆ సమయంలో రోడ్డు మీద నడిచేవాళ్లు, స్కేటింగ్ పిల్లలు, షటిల్ ఆడే కుటుంబాలు కనిపిస్తాయి. కోర్టు గీతలు లేవు, వల లేదు, కెప్టెన్ లేడు. ఆట రాని వాళ్లు కూడా బెదరకుండా ఆడతారు. చెట్టు గారి ఊళ్లో బీచ్ లేదు గానీ, ఆదివారం ఉదయం ఒక వీధిని మూసి చూడవచ్చు కదా.

గోదారి_గట్టు
వీధి మూస్తే మొదట ఎదురు తిరిగేది పాలవాడు. ఆయనను కూడా జట్టులో చేర్చుకోవాలి.

ఓరుగల్లు_కోట
క్రికెట్, వాలీబాల్ దగ్గరే ఎందుకు ఆగిపోయారు? మన దగ్గర బాల్ బ్యాడ్మింటన్ ఉంది. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు ఐదుగురు, ఆరుబయటే ఆడవచ్చు. షటిల్ కాక్ గాలికి కొట్టుకుపోతుంది, ఉన్ని బంతికి ఆ బాధ తక్కువ. మా వరంగల్ జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో ఈ ఆటకే అర్జున అవార్డు వచ్చింది. ఇప్పటి పిల్లలకు ఆట పేరు కూడా తెలియదు. అందరికీ కొత్త ఆట అయితే అందరూ ఒకే చోట మొదలవుతారు. నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

వేగం_వెంకన్న
బాల్ బ్యాడ్మింటన్ నేను ఆడాను. చూడటానికి తేలికగా ఉంటుంది, బంతి వేగంగా వస్తుంది. చేతికి బ్యాటు అలవాటు లేని పిల్లలకు మొదటి వారం విసుగు పుడుతుంది. అందరికీ కొత్త ఆట అన్న ఆలోచన బాగుంది, ఆట మాత్రం వేరేది చూడండి.

ఓరుగల్లు_కోట
ఐదుగురి ఆటలో మొదట ముందు వరుసలో నిలబెట్టి చూడండి, అంత కష్టం కాదు. మీ ఇష్టం.

డ్రిల్లు_మాస్టారు
ఆ ఆలోచనకు సరిపోయే ఆట రింగ్. అదే టెన్నికాయిట్. రబ్బరు రింగు ఒకటి, మధ్యలో సుమారు ఆరడుగుల ఎత్తున వల. వల లేకపోతే తాడు చాలు. ఒక చేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే విసరాలి. బ్యాటు లేదు, ఖర్చు దాదాపు లేదు. రింగు నెమ్మదిగా వస్తుంది, తగిలినా దెబ్బ తగలదు. మన ఆంధ్ర బడుల్లో ఆడపిల్లలు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న ఆట, తల్లుల్లో చాలా మందికి వచ్చు. అమ్మ గారు అడిగిన "ఆడే తల్లి" ఇక్కడే దొరుకుతారు.

ఇద్దరమ్మాయిల_అమ్మ
నేను ఆడాను! బడిలో ఆడాను. ఇప్పటికీ పట్టగలనని నమ్మకం ఉంది.

సుజలధార
నేనూ ఆడాను. మా బడిలో ఎడమ చేత్తో పట్టే అమ్మాయి ఒకతి ఉండేది, ఆమెను గెలవడం మా తరం కాలేదు.

డిస్కు_ధీరజ
బెంగళూరులో ఉద్యోగం. ఇక్కడ చాలా మంది తెలుగువాళ్లం అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడుతున్నాం, పళ్లెం లాంటి డిస్కును ఒకరికొకరు విసురుకునే ఆట. జట్టుకు ఏడుగురు, ఆడవాళ్లు మగవాళ్లు కలిసి ఆడవచ్చు. ఒకరినొకరు తాకకూడదు. డిస్కు చేతిలో ఉండగా పరుగెత్తకూడదు, అందుకని ఎంత గొప్పవాడైనా ఇంకొకరికి ఇవ్వక తప్పదు. అంపైర్ ఉండడు, ఫౌలు ఎవరిదో ఆటగాళ్లే మాట్లాడుకుని తేల్చుకుంటారు. నేను చదువుకునే రోజుల్లో ఏ ఆటా ఆడలేదు, ఈ ఆట పట్టుకున్నాక వదలలేదు. ఒక్క డిస్కు ఉంటే చాలు. చెట్టు గారూ, ఒక శనివారం ప్రయత్నించండి.

పాలమూరు_పొద్దు
మాది మహబూబ్‌నగర్ వైపు ఊరు. తెలంగాణలో 2022లో క్రీడా ప్రాంగణాల పేరుతో ఊరూరా స్థలం చూపించి వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, వ్యాయామం చేసే కడ్డీలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టారు. ఆంధ్రలో 2023 డిసెంబరు 26న "ఆడుదాం ఆంధ్ర" మొదలై గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి రాష్ట్రం దాకా ఐదు ఆటల్లో పోటీలు జరిగాయి. స్థలమూ కావాలి, పోటీలూ కావాలి. కానీ మంగళవారం సాయంత్రం ఆ స్థలంలో ఎవరు ఎదురుచూస్తున్నారన్నదే పిల్లలను రప్పిస్తుంది. మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు భర్త ఒకాయన, ఆటగాడు కూడా కాదు, రోజూ ఐదున్నరకు బంతి తెచ్చి కూర్చుంటాడు. వాన పడినా వచ్చి చూసి వెళతాడు. ఆయన ఉన్నాడని పిల్లలు వస్తారు. ఆయన ఊరికి వెళ్లిన వారం మైదానం ఖాళీ. అందుకే చెబుతున్నాను, బాధ్యత ఒక్కరి మీద పెట్టకండి. ముగ్గురు నలుగురు వంతులవారీగా ఉండాలి.

లెక్కల_పుస్తకం
పోటీల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. ఎనిమిది జట్లతో, ఓడిన జట్టు తప్పుకునే నాకౌట్ పెడితే మొత్తం ఏడు ఆటలు. నాలుగు జట్లు ఒక్క ఆట ఆడి ఇంటికి పోతాయి, అవి ఆట సరిగా రాని జట్లే. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతుంది. అవే ఎనిమిది జట్లతో, ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడే లీగ్ పెడితే 28 ఆటలు, ప్రతి జట్టుకూ ఏడేసి. ఒక్క పండుగ రోజులో అవదు, కానీ రెండు నెలల పాటు వారం వారం జరపవచ్చు. చెట్టు గారి సంక్రాంతి పోటీ ఎందుకు అలా అయిందో ఇందులో కొంత జవాబు ఉంది.

గట్టుమీద_చెట్టు
మేము పెట్టింది నాకౌటే. మరి బహుమతులు తీసేయాలా? బహుమతి లేకపోతే తల్లిదండ్రులు కూడా పట్టించుకోరేమో.

డ్రిల్లు_మాస్టారు
కొత్తవాళ్ల గంటకు బహుమతి ఏదీ వద్దు. ఆట అయ్యాక ఉడికించిన శనగలు, మజ్జిగ పెట్టండి. తింటూ పావుగంట కూర్చుంటారు, స్నేహాలు కలిసేది అప్పుడే.

ఆస్లో_నుంచి
నార్వేలో ఉంటున్నాను, ఇద్దరు చిన్నపిల్లలు. ఇక్కడి క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం పిల్లలకు పదకొండేళ్లు వచ్చే సంవత్సరం దాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. ఆటలు ఉంటాయి, గోల్స్ పడతాయి, పిల్లలు లెక్క పెట్టుకుంటారు కూడా. పెద్దవాళ్లు దాన్ని గోడకు అంటించరు. శీతాకాలపు ఒలింపిక్స్‌లో ఈ చిన్న దేశం ఎన్ని పతకాలు తెచ్చుకుంటుందో తాతయ్య గారికి తెలిసే ఉంటుంది. అందరినీ ఆడనిస్తే బాగా ఆడేవాళ్లు తగ్గిపోతారన్న భయం అక్కరలేదు.

తర్కం_తాతయ్య
నార్వేలో ఎంసెట్ లేదమ్మా. ఇక్కడ పిల్లవాడు సాయంత్రం ఐదింటికి ఎక్కడ ఉంటాడు? ట్యూషన్‌లో. ఆటలాడితే సీటు వస్తుందా అని తండ్రి అడుగుతాడు, అడగడం తప్పు కాదు. క్రీడా కోటా దక్కేది పెద్ద పోటీల్లో రాణించినవాళ్లకే. ముందు తల్లిదండ్రులను ఒప్పించే దారి చెప్పండి, అప్పుడు వల ఎత్తు సంగతి చూద్దాం.

పాలమూరు_పొద్దు
ఈ మాటలో పస ఉంది. ఇంటర్ రెండేళ్లూ పిల్లలు దొరకరు. మేము ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను, డిగ్రీ వాళ్లను పట్టుకుంటాం. ఇంటర్ పిల్లలకు ఆదివారం ఉదయం గంట. తండ్రులకు సీటు గురించి ఏమీ చెప్పం. "ఒక గంట ఫోను ముట్టుకోడు, రాత్రి పదింటికే నిద్రపోతాడు" అని చెబుతాం. చాలామంది ఒప్పుకుంటారు.

ఎముకల_డాక్టరు
వైద్యుడిగా ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి కదలని పిల్లలను మొదటి రోజే మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తించకండి. మర్నాడు తొడలు పట్టేస్తాయి, ఆటంటే నొప్పి అనే గుర్తు మిగులుతుంది. పరుగు నేర్పాలంటే కౌచ్ టు 5కె అని, కదలని మనిషిని ఐదు కిలోమీటర్ల పరుగు దాకా తీసుకెళ్లే తొమ్మిది వారాల పద్ధతి ఉంది. మొదటి వారం ఒక నిమిషం నెమ్మదిగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. లావుగా ఉన్న పిల్లలకు మోకాళ్ల మీద భారం పడుతుంది, వాళ్లకు గెంతే ఆటల కంటే విసిరి పట్టే ఆటలతో మొదలుపెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని నిరభ్యంతరంగా ఆడవచ్చు, వాళ్ల డాక్టరును ఒకసారి అడిగితే చాలు. ఇంకొక విన్నపం. రౌండ్లు కొట్టించడాన్ని శిక్షగా వాడకండి. ఆలస్యంగా వచ్చినందుకు పరుగు, మాట్లాడినందుకు గుంజీలు... ఇలా పెరిగిన పిల్లలు పెద్దయ్యాక వ్యాయామాన్ని ఎందుకు ఇష్టపడతారు?

మైదానం_బయట
చివరి మాటకు చేతులెత్తి నమస్కారం డాక్టరు గారూ.

డ్రిల్లు_మాస్టారు
మా వృత్తిలో ఆ అలవాటు లోతుగా పాతుకుపోయింది. డాక్టరు గారి మాట ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ వినాలి.

గట్టుమీద_చెట్టు
అందరి మాటలూ మా కమిటీ వాళ్లకు చదివి వినిపించాను. ఇలా అనుకున్నాం. మంగళ, శుక్రవారాలు ఐదున్నర నుంచి ఆరున్నర దాకా కొత్తవాళ్లకే. రింగ్‌తో మొదలు, తర్వాత దించిన వలతో వాలీబాల్. జట్లు చీట్ల ప్రకారం. బుధ, శనివారాలు ఐదింటి నుంచి ఆరింటి దాకా ఆడపిల్లలకు. ముగ్గురు తల్లులు ఒప్పుకున్నారు, ఒకరు బడిలో రింగ్ ఆడినవారే. ఆ సమయంలో గోడ మీద ఎవరూ ఉండకూడదని మా పదిహేను మంది కుర్రాళ్లకే బాధ్యత అప్పగించాం, వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. లీగ్ సంగతి దసరా తర్వాత చూస్తాం.

ఒక సందేహం. మొదటి రోజు ముగ్గురే వస్తే ఏం చేయాలి? పరువు పోతుందని మా వాళ్లు భయపడుతున్నారు.

డ్రిల్లు_మాస్టారు
ముగ్గురితో ఆడండి. ముగ్గురు మూడు మూలలా నిలబడి రింగు విసురుకుంటే అది కూడా ఆటే. "ఇంకా ఎవరూ రాలేదేమిటి" అని వచ్చినవాళ్ల ముందు అనకండి. గంట కొట్టినట్టు ఆరున్నరకు ముగించండి, వచ్చే మంగళవారం అదే సమయానికి అక్కడ ఉండండి. కనీసం మూడు నెలలు ఇలా నడపకుండా ఫలితం గురించి మాట్లాడవద్దు.

తర్కం_తాతయ్య
నా అభిప్రాయం నాదే. అయినా రింగులు కొనడానికి ఐదు వందలు పంపిస్తాను, ఖాతా నంబరు విడిగా పెట్టండి.

ఇద్దరమ్మాయిల_అమ్మ
చెట్టు గారూ, అన్నీ రాశారు, మరుగుదొడ్డి తాళం గురించి రాయలేదు.

గట్టుమీద_చెట్టు
రాయడం మరిచాను. తాళంచెవి రెండోది చేయించాం, ముగ్గురు తల్లుల్లో ఒకరి దగ్గర ఉంటుంది. నీళ్ల ట్యాంకు కుళాయి కారుతోంది, శనివారం లోపు బాగు చేయిస్తున్నాం. సందు చివర లైటుకు పురపాలక సంఘంలో అర్జీ ఇచ్చాం. అది వచ్చేదాకా తల్లులు పిల్లలను గుంపుగా ఇళ్లకు చేరుస్తామన్నారు.